ఇంటితోపాటు వచ్చిన అవ్వ

ఈ కబురు నాకు మొదట చెప్పింది మా వీధిలో పాలు పోసే నాగమ్మ. సోమశిలలో కృష్ణలో మునిగి, తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకొని, నేనూ మా చెల్లెలూ గుడి మెట్ల మీద కూర్చున్నప్పుడు ఫోన్ మోగింది.

"అక్కా, అవ్వ పోయింది" అన్నది నాగమ్మ.

నాకు తెలియకుండానే చేతులు జోడించుకున్నాను. అంత పెద్ద వయసు మనిషి మంచాన పడకుండా, ఒకరి చేత చేయించుకోకుండా వెళ్ళిపోయింది. అందుకు ఆ తల్లికి దండం పెట్టుకొని, "ఎప్పుడు పోయింది నాగమ్మా?" అని అడిగాను.

నాగమ్మ గొంతు తగ్గించి చెప్పింది.

"గదే అక్కా నాకు సమజైతలేదు. పొద్దుగాల పాలు పొయ్యనీకి పోయినప్పుడు సప్పుడు ఇనొచ్చింది. టక్కు టక్కుమని, రోజు లెక్కనే. అవ్వ లేచిందనుకొని గిన్నె తలుపుకాడ పెట్టి పోయిన. మల్ల వచ్చి చూస్తే పాలు గట్లనే ఉన్నయి. సప్పుడు గూడ గట్లనే ఉన్నది. తలుపు నూకి చూస్తే మనిషి సల్లగుంది. డాక్టరొచ్చి రాత్రే పోయింది అన్నడు."

"మరి సప్పుడు?"

"నేను తలుపు నూకంగనే ఆగింది అక్కా."

ఫోన్ పెట్టేశాక చెల్లెలు అడిగింది, "ఎవరక్కా? బావ తరఫు చుట్టమా?" అని. ఏమని చెప్పను? అవ్వ మాకు చుట్టం కాదు. కిరాయికి ఉన్న మనిషి కాదు. గద్వాలలో మేము కోర్టు వేలంలో కొన్న ఇంటితోపాటు వచ్చిన మనిషి. గోడలు, కిటికీలు, దూలాలు ఎట్లా వచ్చాయో ఆమె కూడా అట్లాగే వచ్చింది. ఈ మాట నాది కాదు, ఆమెదే. ఎవరైనా "అవ్వా, నువ్వు వీళ్ళకు ఏమైతవు?" అంటే, "నేనేం కాను. నేను ఇంటికి అయిత" అనేది.

ఆమెను తలుచుకుంటే ముందు కళ్ళకు కట్టేది ముఖం కాదు, కుడిచేతి వేళ్ళు. బొటనవేలూ చూపుడువేలూ ఎప్పుడూ ఒకదానిమీద ఒకటి రుద్దుకుంటూ ఉండేవి. అన్నం తినే ముందు, తిన్న తరువాత, మాట్లాడుతూ, మాట్లాడకుండా, నిద్రలో కూడా. నడుముకు చిన్న రేకు డబ్బీ ఉండేది. నేను మొదట అది పొడుం అనుకొని, "అవ్వా, ఈ వయసుల పొడుమెందుకు?" అన్నాను. డబ్బీ తెరిచి చూపించింది. మెత్తటి బూడిద.

"పీల్చుకుంటవా?" అని నవ్వింది.

ఆమెది మగ్గాల ఇల్లు. ఆమె పని పడుగులు అతకడం. చీరల నేత తెలియని వారికి ఆ పని ఏమిటో చెప్పాలి. మగ్గం మీద ఒక పడుగు నేయడం అయిపోయాక, నిలువు దారాలను మొత్తం కోసి పారేయరు. ఆ కొసలను అట్లాగే మగ్గంలో ఉంచి, కొత్త పడుగులోని ఒక్కొక్క దారాన్ని పాత దారం కొసకు చేర్చి, బూడిద అద్ది, వేళ్ళతో మెలిపెడతారు. ముడి వేయరు. ముడి ఉంటే దారం మగ్గంలో తట్టుకొని తెగుతుంది. మెలి మాత్రమే. వందల దారాలు ఒకటొకటిగా అట్లా అతికాక, పాతది ముందుకు నడుస్తూ కొత్తదాన్ని తన వెంట లాక్కుపోతుంది. ఎక్కువగా ఇది ఆడవాళ్ళ పని.

"పాత కొస కోసి పారేసినోని మగ్గం మల్ల మొదటికొస్తది" అనేది అవ్వ. అందుకే ఆమె ఇంట్లో మగ్గం అమ్ముడుపోయిన రోజున, చెక్క పోతే పోయిందని, పాత కొసల గుత్తిని మాత్రం వాటికి అంటుకొని ఉన్న గుడ్డముక్కతో సహా విప్పుకొని తన గదిలో కొయ్యకు వేలాడదీసుకుంది.

మా ఆయనకు గద్వాలలో విత్తనాల దుకాణం. వడ్డేపల్లి వైపు రైతులకు పత్తి విత్తనాలు అమ్ముతారు. సొంత ఇల్లు కావాలని ఆయనకు చాలాకాలం కోరిక. కోర్టు వేలంలో ఒక ఇల్లు వస్తుందని తెలిసి, చూసొద్దాం రమ్మంటే పొద్దుగూకే వేళ ఇద్దరం వెళ్ళాం. ముందు తలుపుకు కోర్టు వాళ్ళ తాళం. పక్కన వీధిలోకి ఒక గది, దానికి ఊచల కిటికీ. లోపల చీకటి. ఆ చీకట్లోంచి టక్కు టక్కుమని చప్పుడు.

"మగ్గం నడుస్తుంది" అన్నారు మా ఆయన, గోడను తట్టి చూస్తూ. "ఎవరో కిరాయికున్నట్టున్నరు. తర్వాత ఖాళీ చేయిస్తం తీ."

ఆయన వెనుక గోడ చూడడానికి వెళ్ళారు. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. ఊచల మధ్యనుంచి ఒక చేయి బయటికి వచ్చి నా కొంగు అంచు పట్టుకుంది. నేను ఉలిక్కిపడ్డాను. అరవలేదు. ఆ చేయి గుంజలేదు. రెండు వేళ్ళ మధ్య అంచును పెట్టి, రుద్ది, చూసింది. చీకట్లోంచి మాట వచ్చింది.

"ఇది మన గద్వాలది కాదు. మిల్లుది."

నెమలికంఠం రంగు చీర అది. సిగ్గుపడి కొంగు లాక్కున్నాను. ఒక దారం తెగి ఆ వేళ్ళలోనే ఉండిపోయింది. చప్పుడు మాత్రం ఆగలేదు. చేయి కిటికీలో, కాళ్ళు పనిలో.

వేలంలో ఇల్లు మాకే వచ్చింది. నా పేరు మీద పాడారు మా ఆయన. ఇల్లాలి పేరున ఉంటే కలిసొస్తుందని. కోర్టు అమీను వచ్చి తాళం తీసి, ముందరి గదులు మాకు అప్పగించి, ఆ పక్కగది తలుపు దగ్గర ఆగాడు.

"ఇండ్ల ఒక ముసలామె ఉన్నది సార్. ఆమెను లేపుమని నాకు హుకుం లేదు" అన్నాడు.

తలుపు తెరిచాడు. లోపల కిటికీ పక్కనే మగ్గం గుంట. నేతగాడు కూర్చొని కాళ్ళు దించుకునే గుంట అది. దాని అంచున తెల్లచీరలో అవ్వ కూర్చొని ఉంది, కాళ్ళు గుంటలో. గుంటలో నేలకు బిగించిన రెండు తొక్కుడు చెక్కలు మాత్రం మిగిలాయి. పైన మగ్గం లేదు. నిలువు గుంజ లేదు, దారం లేదు, ఏమీ లేదు. ఖాళీ గాలి ముందు కూర్చొని ఆమె తొక్కుతూ ఉంది.

మా ఆయన గుంటలోకి వంగి చూశారు. "మగ్గమేది?" అన్నారు.

"మగ్గమా? అది పోయి ఎన్నేండ్లాయె కొడుకా."

"మరి గీ సప్పుడు?"

"కాళ్ళు ఊకుంటయా?" అన్నది అవ్వ. తరువాత మా ఇద్దరినీ తేరిపార చూసి అడిగింది, "ఈ తాప ఇల్లు మీదా?"

కథ అమీనే చెప్పాడు. ఇంటి పెద్దకొడుకు భార్య ఆమె. భర్త పోయాక మరిది ఇల్లంతా తీసుకుంటే, ఆమె బతికున్నన్నాళ్ళు ఆ గదీ, రెండు పూటల తిండీ ఆ ఇంటి మీద భారంగా ఉండాలని ఎన్నడో కోర్టు తీర్పు ఇచ్చింది. మరిది అప్పులపాలై ఇల్లు వేలానికి వచ్చింది. కొత్తకోట నుంచి ఒక లారీ ఓనరు కొన్నాడు. ఆయనా అప్పులపాలయ్యాడు. మళ్ళీ వేలం. ఇల్లు చేతులు మారింది కానీ, అవ్వ గుంట దగ్గర్నుంచి కదలలేదు. మా వేలం నోటీసులో మాత్రం ఆమె మాట ఎవరూ రాయలేదు.

మా ఆయన లాయరు దగ్గరికి వెళ్ళారు. నన్నూ తీసుకుపోయారు, ఇల్లు నా పేరున కాబట్టి. లాయరు నెమ్మదస్తుడు.

"కోర్టు అమ్మిందంటే అన్ని చిక్కులు తీసి అమ్మినట్టు కాదన్నా" అన్నాడు. "అప్పులాయనకు ఆ ఇంటి మీద ఎంత హక్కు ఉండెనో మీకు అంతే వస్తది. ముందు నుంచి ఉన్న భారం దానెంబడే వస్తది. కోర్టు జిమ్మేదారీ ఏం తీసుకోదు."

"నోటీసుల లేదు కద సార్. రాయనిదానికి మేమెట్ల కట్టుబడతం?"

"అదే ఒక్క దారి. నోటీసుల లేదు, మాకు తెల్వదు, తెలుసుకునే వీలు గూడ లేకుండె అని రుజువు చేయాలె. అమ్మ పేరు మీద అఫిడవిట్ ఏద్దాం. వేలానికి ముందు ఆ గదిల మనిషి ఉన్నట్టు మాకు తెల్వదని. మీరు పోయి చూసినప్పుడు ఎవ్వరు లేరు కద?"

మా ఆయన నా వైపు చూడలేదు. "మగ్గం సప్పుడైతే ఇన్నం" అన్నారు. "మనిషిని చూడలే."

"అయితే అంతే రాద్దాం. ఎవర్ని చూడలేదని."

కాగితం ఇంటికి వచ్చింది. నేను బడికి పోలేదు. మా నాయన ఇంట్లోనే పళ్ళెంలో ఇసుక పోసి నా చేత అక్షరాలు దిద్దించారు. సంతకం కింద ఉంటుంది కానీ పైనుంచి చదువుకొని రావాలమ్మా అని చెప్పింది ఆయనే. ఆయన పెట్టిన ఆ భిక్షకు నేను రోజూ దీపం ముందు దండం పెట్టుకుంటాను. ఆ రోజు ఆ కాగితం పైనుంచి చదువుకొని వచ్చాను. 'ఆ గదిలో ఎవరూ నివసిస్తున్నట్టు నాకు తెలియదు' అన్నచోట ఆగిపోయాను.

"నేను చేయి చూసిన" అన్నాను.

"చెయ్యి చూస్తే మనిషిని చూసినట్టా?" అన్నారు మా ఆయన.

"మగ్గం తనంతట అది నడుస్తదా మరి?"

"నడిచింది కద. మగ్గమే లేకుండ నడిచింది" అని, తన మాటకు తనే ఉలిక్కిపడి బయటికి వెళ్ళిపోయారు.

ఆ సంతకం పడితే అవ్వ ఎటు పోతుంది? ఆమెకు పిల్లలు లేరు. పుట్టింటివాళ్ళు లేరు. అదే ఆలోచిస్తూ దీపం పెట్టే వేళకు కంచంలో అన్నం, పప్పు పెట్టుకొని ఆమె గదికి వెళ్ళాను. కాగితం ఏదైనా, ఆకలి ఉంది కదా. నేను ఆ గదిలో అడుగుపెట్టడం అదే మొదటిసారి. చప్పుడు ఆగింది. అవ్వ ముద్ద నోట్లో పెట్టుకొని ముఖం చిట్లించింది.

"ఉప్పు గూడ వేలంల దొరికిందా బిడ్డా? గింత పోసినవ్."

నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే తలెత్తి చూశాను. కొయ్యకు కొసల గుత్తి వేలాడుతూ ఉంది. జుట్టు జడలాగా కిందికి, నేలకు తాకేంత పొడవు. మొదట అంతా తెల్లటి నూలు, పట్టు. కిందికి వచ్చేకొద్దీ రంగులు. ఒకచోట పచ్చ గీతల లుంగీ దారం.

"గా దారం లారీ ఓనరుది" అన్నది అవ్వ. "పాపం, నిద్ర పట్టదని ఏడిసేటోడు. గిది వాని పెండ్లాంది. గిది మా మరిదిది. గిది వాని బిడ్డది, పురిటిల పోయింది."

ఆ ఇంట్లో ఉన్నవాళ్ళందరూ అక్కడ ఉన్నారు. ఒకరి కొసకు ఒకరు, ముడి లేకుండా, బూడిదతో మెలిపెట్టి. పోయినవాళ్ళకూ ఉన్నవాళ్ళకూ మధ్య అతుకు ఎక్కడో కనబడదు. చివరన నెమలికంఠం రంగు దారం.

"గిది నీదే బిడ్డా."

"నేను అప్పటికి ఇల్లు కొనలే కద అవ్వా."

"కొనలే. కొననీకి వచ్చినవ్." వేళ్ళు రుద్దుకుంటూ ఆ దారాన్ని దీపానికి దగ్గరగా తిప్పింది. "వచ్చినోళ్ళని నేను ముందే అతుకుత. మల్ల పొమ్మనరు."

బెదిరింపు కాదు. కోపం కాదు. వంట సంగతి చెప్పినట్టు చెప్పింది. నా చీర దారం కింద ఇంకొక కొస వదులుగా వేలాడుతూ ఉంది.

"అది ఎవరికి?" అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"వచ్చేటోళ్ళకు" అన్నది అవ్వ.

కాగితం మీద నేను సంతకం చేయలేదు. పొద్దున మా ఆయనకు అదే చెప్పాను. ఆయన లేచి తనే ఆ గదికి వెళ్ళారు. గోడ ఇవతల నుంచి వాళ్ళ మాటలు వినబడ్డాయి.

"అవ్వా, నేను ఆనాడు కిటికీకాడికి రాలే."

"రాలే. గోడ తట్టినవ్. నీ గాజు లేని చెయ్యి సప్పుడు నాకెరుకే. కూసో కొడుకా, నీ అంగి దారం ఒకటి ఇచ్చిపో."

మా ఆయన బయటికి వచ్చినప్పుడు అంగీ చేతి మడత దగ్గర ఒక పోగు ఊడి ఉంది. "లాయర్ సార్‌కు ఫోన్ చేసి కేసొద్దని చెప్త. ఇన్నదాన్ని ఇనలేదని ఎట్ల రాస్తం?" అన్నారు. అంతే. ఆ రోజు ఆయన నోట ఆ మాట పలికించిన అమ్మవారికి నేను ఈనాటికీ ఋణపడి ఉన్నాను.

అప్పటి నుంచి మా ఇంటి పొద్దు ఆ చప్పుడుతోనే మొదలయ్యేది, ఆ చప్పుడుతోనే గూకేది. చుట్టాలు వస్తే భయపడేవారు. వనపర్తి నుంచి మా ఆడబిడ్డ వచ్చి ఒక్క పూట ఉండి, "వదినా, మీ సప్పుడుకు మగ్గమే లేదంటివి, నాకేం బాగలేదు, పోత" అని సంచి సర్దుకుంది. మాకు మాత్రం అలవాటైంది. అది వినబడకపోతేనే వంటింట్లో నా చేయి ఆగేది.

ఉగాది పచ్చడి తీసుకుపోయినప్పుడల్లా అవ్వ ఒకే ప్రశ్న అడిగేది. "ఈ ఏడు ఇల్లెవరిది?"

"మాదే అవ్వా" అనేవారు మా ఆయన.

"సరె. ఉండుండ్రి" అనేది, అనుమతి ఇచ్చినట్టు. ఆ మాట విన్నాకనే ఆయన పచ్చడి తినేవారు.

ఆమె పేరు నాకు తెలియదు. తీర్పు కాగితంలో కూడా ఫలానా వారి భార్య అనే ఉంది. ఒకసారి గట్టిగా అడిగితే, "పేరెందుకు బిడ్డా? పేరు పెట్టి పిలిచేటోళ్ళంత పోయిండ్రు" అన్నది. నేను సోమశిలకు బయలుదేరే పొద్దున కంచం ఇవ్వడానికి వెళ్ళాను. మా ఆయన కూడా ఆ రోజే విత్తనాల పని మీద నాగర్‌కర్నూల్ పోతున్నారు. నాగమ్మకు అన్నీ అప్పజెప్పి, "జర జాగ్రత్త అవ్వా" అన్నాను. ఆమె వేళ్ళు కదలడం లేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి, ఒడిలో నిమ్మళంగా ఉన్నాయి.

"పొద్దుగాల ఎవరో పేరు పెట్టి పిలిచిండ్రు బిడ్డా" అన్నది.

బస్సుకు వేళవుతుందని నేను "సరే అవ్వా" అని వచ్చేశాను. ఆ మాట అర్థం నాకు గుడి మెట్ల మీద తెలిసింది.

పదకొండో రోజు అయ్యాక లాయరు ఫోన్ చేశాడు. ఆమె బతికున్నన్నాళ్ళకే ఆ హక్కు, ఇక ఇంటి మీద ఏ భారమూ లేదు అని. మూడోనాడు మా ఆయన మేస్త్రీని పిలిపించారు, గుంట పూడ్చి గదిని విత్తనాల బస్తాలకు వాడుకుందామని. తప్పేముంది? ఇల్లు మాది. చట్టం కూడా మాదే అన్నది.

"జర ఆగుండ్రి" అని నేను లోపలికి వెళ్ళాను.

అవ్వ తెల్లచీర దండెం మీద ఆరేసినట్టే ఉంది. అంచు నుంచి ఒక పోగు లాగాను. ఆనాడు అవ్వ అడిగి తీసుకొని అతికిన మా ఆయన అంగీ పోగు నా దారం కింద ఉంది. దాని కొసకు అవ్వ పోగు చేర్చి, ఆమె చేసినట్టే రెండు వేళ్ళ మధ్య రుద్దాను. నిలవలేదు. మళ్ళీ రుద్దాను. జారిపోయింది. నాకు ముడి వేయడం వచ్చు కానీ మెలి రాదు. బూడిద డబ్బీ ఆమెతోనే పోయింది. దేవుణ్ణి తలుచుకొని మూడోసారి పట్టుకున్నాను. ఈసారి వేళ్ళకు మెత్తగా ఏదో తగిలింది. దారం దారంలోకి పోయింది. గుంజి చూశాను, తెగలేదు. చేయి తీసి చూసుకుంటే బొటనవేలు మీద బూడిద ఉంది.

గుంటలో చెక్క కదిలింది. టక్కు. కాసేపాగి, ఇంకొకటి. టక్కు.

నేను కదల్లేదు. భయం వేసిందని రాస్తే అబద్ధం, వేయలేదని రాసినా అబద్ధమే. ఇంట్లో ఒక మనిషి లేచిందని తెలిసినట్టు అనిపించింది.

గడప బయట మేస్త్రీ పార ఆనించి నిలబడ్డాడు. "సార్, లోపట ఎవరన్న ఉంటున్నరా?" అని అడిగాడు.

మా ఆయన కొంచెం సేపు ఆ తలుపు వైపు చూశారు.

"ఉంటున్నరు" అన్నారు. "ఇయ్యాలొద్దు, నువ్వు పో."

గుంట అట్లాగే ఉంది. విత్తనాల బస్తాలు వసారాలోనే పెట్టుకుంటున్నాం. పొద్దుగూకేటప్పుడు ఆ గదిలోనూ ఒక దీపం పెడుతున్నాను. ఇది చదివిన అమ్మలకు ఒక్కటే మనవి. గద్వాల చీర అంచు మీ రెండు వేళ్ళ మధ్య పెట్టుకొని చూసినప్పుడు, ఎక్కడ అతికారో తెలియకపోతే, పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేని మా అవ్వను ఒక్కసారి తలుచుకోండి.